నిపుణుడు చెప్పాడంటే సరిపోతుందా?

ఆపరేషన్ బల్ల మీద ఒక మనిషి పడుకుని ఉంటాడు. చేతికి సెలైన్ సూది, పక్కన మత్తు డాక్టరు, తలాపున కూర్చుని తట్టి లేపుతూ ప్రశ్నలడిగే ఫోరెన్సిక్ అధికారి. స్టాంపు పేపర్ల కుంభకోణంలో ప్రధాన నిందితుడు అబ్దుల్ కరీం తెల్గీకి 2003 డిసెంబరులో బెంగళూరులో చేసిన నార్కో పరీక్ష ఇది. ఆ టేపులు తర్వాత టీవీ చానళ్లకెక్కాయి. మత్తులో ఆయన నోటి నుంచి వచ్చిన పేర్లు దేశమంతా మోగాయి. ఆ తర్వాత ఏ పెద్ద నేరం జరిగినా ‘నిందితుణ్ని బెంగళూరు తీసుకెళ్లారు’ అనే వార్త మామూలైపోయింది. మత్తులో ఉన్నవాడు అబద్ధం ఎలా ఆడతాడు, యంత్రానికి పక్షపాతం ఎందుకుంటుంది, ఇంకా విచారణ దేనికి అని టీ కొట్ల దగ్గర వాదించుకున్నవాళ్లు తక్కువేం కాదు.

చివరికి ఆ టేపులకు కోర్టులో సాక్ష్యం విలువ దక్కలేదు. దక్కకపోవడానికి కారణం సాంకేతికమైన లొసుగేమీ కాదు. నిపుణుడి మాటను కోర్టు ఎందుకు వింటుంది, ఎంతవరకు వింటుంది అన్న దాని మీద నూటయాభై ఏళ్లుగా ఉన్న ఆలోచనే ఆ కారణం. దాన్ని అర్థం చేసుకోవడానికి బెంగళూరు కంటే మంచి చోటు లేదు. ఫోరెన్సిక్ సాక్ష్యం నిలబడిన కేసూ, పడిపోయిన పరీక్షా రెండూ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

ముందు మామూలు సాక్షి సంగతి. అతను చూసింది చెప్పాలి, విన్నది చెప్పాలి. ‘వాడే చంపి ఉంటాడని నా ఉద్దేశం’ అంటే జడ్జి రాసుకోరు. ఉద్దేశాలు ఏర్పరచుకోవడం కోర్టు పని. కానీ శవం కడుపులో దొరికిన ద్రవం విషమా కాదా అన్నది జడ్జికి కంటితో చూస్తే తెలియదు. అందుకని చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 45వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలో 39వ సెక్షన్. స్టీఫెన్ ఇచ్చిన మొదటి ఉదాహరణ విషప్రయోగం గురించే. ఒకడు విషం వల్ల చనిపోయాడా అన్నది ప్రశ్న అయితే, ఆ విషం ఎలాంటి లక్షణాలు చూపుతుందో తెలిసినవారి అభిప్రాయం కోర్టు వినవచ్చు. మతి స్థిమితం మీద ఒకటి, చేతిరాత మీద ఒకటి మిగతా రెండు ఉదాహరణలు.

ఇక్కడ గమనించాల్సింది, నిపుణుడి అభిప్రాయాన్ని ‘వినవచ్చు’ అని మాత్రమే చట్టం అంటోంది, ‘నమ్మాలి’ అనడం లేదు. పైగా ఆ అభిప్రాయం ఏ ఆధారాల మీద ఏర్పడిందో వాటిని కూడా కోర్టు ముందుకు తేవచ్చని ఇంకో సెక్షన్ ఉంది. పాత చట్టంలో 51, కొత్తదాంట్లో 45. పేపర్లలో ఎప్పుడూ కనబడని ఈ చిన్న సెక్షనే నా దృష్టిలో అసలైనది. నగ అసలుదో కాదో చెప్పమని కంసాలి దగ్గరకు వెళితే, ‘మేలిమి బంగారం, నా మాట నమ్ము’ అంటే మనం ఊరుకోం. గీటురాయి మీద గీసి, ఆ గీత మనకు చూపించాలి. కోర్టు కూడా నిపుణుణ్ని అడిగేది ఆ గీతే.

1999లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ పండ్ల కేసు ఒకటుంది. తెగులు సోకిన ఆపిళ్లను ప్రభుత్వం మద్దతు ధరకు కొనే పథకంలో, తోటల్లో కాసినదానికంటే ఎక్కువ పండ్లు అమ్మినట్టు చూపించారని ఆరోపణ. ఒక ఉద్యానవన అధికారి తోటలు చూసి, ఇన్ని పండ్లు కాసే అవకాశమే లేదని చెప్పాడు. పదవి ఉంది, చదువు ఉంది. కానీ ఆపిల్ దిగుబడి అంచనా వేయడంలో ఆయనకు ప్రత్యేకమైన అధ్యయనం ఏముంది, ఏ పద్ధతిలో లెక్కగట్టాడు అని అడిగితే సరైన జవాబు రాలేదు. ఆయన్ని నిపుణుడిగా కోర్టు ఒప్పుకోలేదు. తన తీర్మానాన్ని జడ్జి స్వయంగా పరీక్షించుకునేందుకు కావలసిన కొలమానాలను అందించడమే నిపుణుడి పని అని ఆ తీర్పు సారాంశం. కుర్చీని బట్టి ఎవరూ నిపుణులు కారు.

అలాగని నిపుణులందర్నీ అనుమానంగా చూడమనీ కాదు. ఈ రెండో వైపును బాగా చెప్పింది మన తెలుగు న్యాయమూర్తి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఓ. చిన్నపరెడ్డి. 1980 నాటి మురారీలాల్ కేసులో చేతిరాత నిపుణుడి మాట ఒక్కదాని మీద శిక్ష వేయకూడదన్నది చట్టంలో ఉన్న నియమమేనా అన్న ప్రశ్న వచ్చింది. అలాంటి నియమమేదీ లేదన్నారాయన. నిపుణుడు నేరంలో పాలుపంచుకుని అప్రూవర్‌గా మారినవాడు కాదు, అతన్ని ముందే దొంగను చూసినట్టు చూడనక్కర్లేదు. అయితే అన్ని శాస్త్రాలూ ఒకే పక్వతకు రాలేదు. వేలిముద్రల శాస్త్రం దాదాపు పరిపూర్ణం. చేతిరాత శాస్త్రం అంత కాదు. శాస్త్రం ఎంత పచ్చిగా ఉంటే జాగ్రత్త అంత ఎక్కువ ఉండాలి. తక్కిన చర్చంతా ఈ చివరి సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు బెంగళూరు రిచ్‌మండ్ రోడ్డుకు వెళ్దాం. మైసూరు దివాన్‌గా పనిచేసిన సర్ మీర్జా ఇస్మాయిల్ మనవరాలు షకీరా 1991 మే నెలాఖరు నుంచి కనిపించలేదు. ఆమె రెండో భర్త, స్వామి శ్రద్ధానంద అని పిలిపించుకున్న మురళీ మనోహర్ మిశ్రా, ఎవరడిగినా ఏదో ఒక ఊరి పేరు చెప్పి తప్పించుకునేవాడు. కూతురు పట్టువదలకుండా తిరిగి 1992లో ఫిర్యాదు చేసింది. 1994 మార్చిలో నగర క్రైమ్ బ్రాంచ్ అతన్ని అరెస్టు చేసింది. మార్చి 30న అతను చూపించిన చోట, ఆ ఇంటి ఆవరణలోనే తవ్వారు. చెక్కపెట్టె బయటపడింది. అందులో అస్థిపంజరం ఉంది. తవ్వకాన్ని వీడియో తీశారు.

ఇప్పుడు చట్టం ముందు రెండు వేర్వేరు చిక్కులున్నాయి. మొదటిది, అతను పోలీసులతో చెప్పిన మాట. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. కొట్టి చెప్పించారేమో అన్న భయమే కారణం, ఆ భయం మన దేశంలో ఎంత సహేతుకమో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ బయటపడటానికి దారితీసినంత మేరకు మాట చెల్లుతుంది. న్యాయవాదులు ఇప్పటికీ ‘సెక్షన్ 27 రికవరీ’ అంటారు, కొత్త చట్టంలో అది 23వ సెక్షన్‌లో చేరిపోయినా సరే.

‘ఎంత మేరకు’ అన్నదానికి ఈనాటికీ దేశంలోని ప్రతి క్రిమినల్ కోర్టులో ఉదహరించే తీర్పు మన గుంటూరు జిల్లా కేసులో వచ్చిందని చాలామందికి తెలియదు. పులుకూరి కోటయ్య కేసు. పల్లెటూరి కక్షల్లో హత్యలు జరిగాయి. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై, మద్రాసు హైకోర్టు మీదుగా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఫలానావాళ్లను కొట్టి చంపాం, ఆయుధాలు ఫలానావారి గడ్డివాములో దాచాం అని నిందితుడు పోలీసులకు చెప్పాడు. 1946 డిసెంబరులో ప్రీవీ కౌన్సిల్ ఆ వాక్యాన్ని కత్తిరించినట్టు విడదీసింది. దాచిన చోటు గురించి చెప్పిన ముక్క చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ వెతికితే ఆయుధం దొరికింది, నిజమని తేలింది. చంపామన్న ముక్క చెల్లదు, ఎందుకంటే గడ్డివాము తవ్వినా అది నిజమని తేలదు. ఒక మాటను నమ్మడానికి ఆ మాటకు బయట ఏదో ఒకటి సాక్ష్యంగా నిలవాలన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, నార్కో దగ్గర దీని అవసరం పడుతుంది.

రిచ్‌మండ్ రోడ్డు కేసులో రెండో చిక్కు, ఆ ఎముకలెవరివి? ఇక్కడ నిపుణులు వచ్చారు. పుర్రె ఫొటోను, ఆమె బతికున్నప్పటి ఫొటోను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే పరీక్ష జరిగింది. కంటి గుంటలు, ముక్కు, దవడ కొలతలు కలుస్తున్నాయా అని చూస్తారు. కలవకపోతే ఈ పుర్రె ఆమెది కాదని ధైర్యంగా చెప్పవచ్చు. కలిస్తే మాత్రం ఆమెది కావచ్చునని మాత్రమే చెప్పగలం, ఎందుకంటే ఇంకొకరి పుర్రె కూడా కలవవచ్చు. శరవణ భవన్ యజమానికి శిక్ష పడిన హత్య కేసులోనూ ఇదే పరీక్ష వాడారు. 2019లో ఆ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ఇది ఇతర సాక్ష్యానికి బలం ఇవ్వగలదే తప్ప తిరుగులేనిది కాదని చెప్పింది.

అందుకే బెంగళూరులో ఆ ఒక్క పరీక్ష మీద ఆగలేదు. డీఎన్‌ఏ పరీక్ష జరిగింది. ఆ రోజుల్లో మన దేశంలో అది కొత్త విద్య. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం సొంతంగా డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి తయారుచేసి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. కేరళలో ఒక బిడ్డకు తండ్రెవరన్న వివాదంతో అది కోర్టు గడప తొక్కింది. ఇక షకీరా తల్లి వచ్చి పెట్టెలో దొరికిన ఆభరణాలు తన కూతురివేనని గుర్తుపట్టింది. పెట్టె చేయించడం, గుంట తవ్వించడం గురించి చెప్పిన సాక్షులున్నారు. తవ్వినప్పుడు రాసిన మహజరు, అంటే మన పంచనామా, ఉంది. వీడియో ఉంది. 2005లో సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖరారు చేసింది. నేరం రుజువైందన్న విషయంలో సుప్రీంకోర్టులోనూ తేడా రాలేదు. ఎంత శిక్ష వేయాలన్న దానిమీదే 2007లో ఇద్దరు న్యాయమూర్తులు విడిపోయారు. 2008 జులై 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉరిని, జీవితాంతం విడుదల లేని ఖైదుగా మార్చింది.

ఈ కేసులో ప్రతి నిపుణుడి మాటకూ బయట ఒక వస్తువు ఉంది. పుర్రె ఉంది, ఎముక ఉంది. కావాలంటే ఇంకో నిపుణుడు మళ్లీ పరీక్షించవచ్చు. ‘మీరు కొలిచింది తప్పు’ అని ఎదుటి లాయరు వాదించవచ్చు.

నార్కోలో అలాంటిదేమీ లేదు. సోడియం పెంటోథాల్ అనే మందు మామూలుగా ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడానికి వాడేది. మోతాదు జాగ్రత్తగా ఇస్తే మనిషి పూర్తిగా నిద్రపోకుండా, పూర్తిగా మెలకువలోనూ ఉండకుండా మధ్యలో వేలాడతాడు. బిడియం సడలుతుంది, నాలుక వదులవుతుంది. ఈ ఆలోచన పాతదే. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో రాబర్ట్ హౌస్ అనే ప్రసూతి డాక్టరు, కాన్పు సమయంలో స్కోపొలమైన్ ఇచ్చిన స్త్రీలు మగతలో అడిగినదానికల్లా జవాబు చెప్పడం చూశాడు. 1922లో అదే మందును ఇద్దరు ఖైదీల మీద ప్రయోగించాడు. ‘ట్రూత్ సీరమ్’ అన్న పేరు అలా వ్యాపించింది. పేరు బాగుంది, అదే చిక్కు. నాలుక వదులైనంత మాత్రాన నిజమే వస్తుందని ఎవరు చెప్పారు? మగతలో మనిషి ఊహను జ్ఞాపకంగా చెబుతాడు, అడిగేవాడు సూచించింది తన మాటగా వల్లిస్తాడు, తనకు భయమున్నవాళ్ల పేర్లు పలుకుతాడు. కొందరు ఆ స్థితిలో కూడా అబద్ధం ఆడగలరు. ఏ మాట ఏ కోవకు చెందిందో తేల్చడానికి గీటురాయి లేదు.

దీనికి తోడు ఇంకో రెండు పరీక్షలు. ఒకటి లై డిటెక్టర్‌గా పేరుపడ్డ పాలీగ్రాఫ్, అంటే గుండె వేగం, రక్తపోటు, శ్వాస, చర్మంలో చెమట కొలవడం. అబద్ధం ఆడితే ఇవి మారతాయని నమ్మకం. పోలీసు స్టేషన్‌లో కూర్చోబెడితే నిజం చెప్పేవాడికీ మారతాయన్నది అనుభవం. 1923లోనే అమెరికాలో ఫ్రై అనే నిందితుడి కేసులో, రక్తపోటును బట్టి అబద్ధం పట్టే పరీక్షను కోర్టు తోసిపుచ్చింది. ఒక శాస్త్రం ప్రయోగ దశ దాటి, ఆ రంగంలోనివారి సాధారణ అంగీకారం పొందితేనే కోర్టులోకి రానిస్తామంది. ఆ పరీక్ష చేసిన విలియం మార్‌స్టన్ తర్వాత వండర్ వుమన్ బొమ్మల కథల సృష్టికర్త అయ్యాడు. ఆమె చేతిలోని తాడుతో కట్టేస్తే ఎవరైనా నిజం చెప్పి తీరాల్సిందే! కోర్టులో దక్కనిది ఆయనకు కథలో దక్కింది.

రెండోది బ్రెయిన్ మ్యాపింగ్. తలకు ఎలక్ట్రోడ్ల టోపీ తొడిగి, నేరానికి సంబంధించిన మాటలు వినిపిస్తూ మెదడు తరంగాలు చూడటం. దీనిలో భారతీయ రూపాన్ని తయారుచేసింది బెంగళూరు నిమ్హాన్స్‌లో క్లినికల్ సైకాలజీ విభాగానికి నాయకత్వం వహించిన సి.ఆర్. ముకుందన్. ఒక పని గురించి విన్నవాడి మెదడుకూ, ఆ పని స్వయంగా చేసినవాడి మెదడుకూ తేడా పట్టగలనని ఆ పరీక్ష చెప్పుకుంది. 2008 జూన్‌లో పుణె సెషన్స్ కోర్టు ఒక హత్య కేసులో శిక్ష వేస్తూ దాన్ని కూడా ఆధారంగా తీసుకుంది. ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. అదే ఏడాది, అదే నిమ్హాన్స్ డైరెక్టర్ డి. నాగరాజ నేతృత్వంలోని నిపుణుల సంఘం ఈ పద్ధతి శాస్త్రీయం కాదనీ, దర్యాప్తుకూ సాక్ష్యానికీ పనికిరాదనీ తేల్చింది. శాస్త్రం తనను తాను సరిదిద్దుకోవడమంటే ఇదే. కానీ ఆ సంఘం నివేదికకు టీవీలో తెల్గీ టేపుకు వచ్చిన ప్రచారంలో వందో వంతు కూడా రాలేదు.

హైకోర్టులు మొదట్లో ఈ పరీక్షలకు తలూపాయి. 2004లో బొంబాయి హైకోర్టు స్టాంపుల కేసులోనే సరేనంది. అదే ఏడాది కర్ణాటక హైకోర్టు కోరమంగళ పోలీసుల కేసులో నిందితురాలు సెల్వి అభ్యంతరాన్ని తోసిపుచ్చింది. కులాంతర వివాహం చేసుకున్న యువకుడి హత్య అది. ప్రత్యక్ష సాక్ష్యం లేదు, అందుకే పోలీసులు పరీక్ష కోరారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. వేర్వేరు రాష్ట్రాల అప్పీళ్లన్నీ కలిపి విని, 2010 మే 5న ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, ఆర్.వి. రవీంద్రన్, జె.ఎం. పాంచాల్‌ల ధర్మాసనం తీర్పిచ్చింది. ‘సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక’ అన్న పేరుతో న్యాయ విద్యార్థులందరికీ తెలిసిన తీర్పు.

అందులో ముఖ్యమైన మలుపును కాస్త నిదానంగా చూడాలి. రాజ్యాంగం 20వ అధికరణం మూడో ఖండం ప్రకారం ఏ నిందితుణ్నీ తనకు తానే వ్యతిరేక సాక్షి కమ్మని బలవంతపెట్టకూడదు. మరి వేలిముద్రలు బలవంతంగా తీసుకుంటారు కదా? 1961లో కాఠీ కాలూ కేసులో పదకొండు మంది న్యాయమూర్తులు దానికి జవాబిచ్చారు. వేలిముద్ర, చేతిరాత నమూనా మనిషి శరీరానికి చెందినవి, వాటిని తీసుకోవడం పోల్చి చూడటానికి మాత్రమే. అతనికి తెలిసినదాన్ని అతని నోటితో చెప్పించడం వేరు. నార్కో, పాలీగ్రాఫ్, మెదడు పరీక్ష మూడూ మనిషి లోపల ఉన్న సమాచారాన్ని తవ్వేవే అని సెల్వి తీర్పు చెప్పింది. నోరు మెదపకపోయినా, మెదడు తరంగం ‘అవును’ అన్నట్టు లెక్కగడితే అదీ వాంగ్మూలమే. మౌనంగా ఉండే హక్కును సిరంజితో తీసేయడం కుదరదు. అది 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛకు కూడా విరుద్ధం.

నిందితుడు ఒప్పుకుంటే? చేయవచ్చు. పాలీగ్రాఫ్‌కు జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో పెట్టిన నిబంధనల తరహాలో, లాయరు సలహా ఇచ్చాక, మేజిస్ట్రేట్ ఎదుట సమ్మతి నమోదు కావాలి. అయినా ఆ పరీక్ష ఫలితం నేరుగా సాక్ష్యం కాదు. మత్తులో పలికిన మాట మీద అతనికి అదుపు లేదు కాబట్టి, ఒప్పుకుని సూది వేయించుకున్నా మాట మాత్రం ఇష్టపూర్వకం కాదు. మరి ఏం చెల్లుతుంది? ఆ మాటను పట్టుకుని వెళితే ఏదైనా వస్తువు దొరికితే, అది సెక్షన్ 27 కింద లోపలికి వస్తుంది. అంటే కోటయ్య కేసులోని గడ్డివాము సూత్రమే మళ్లీ.

ఈ తీర్పు వల్ల నేరస్థులు తప్పించుకుంటారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. బాధితుల వైపు నుంచి చూస్తే ఆ బాధ అర్థమవుతుంది. కానీ సూదితో సులువుగా జవాబు వస్తుందని నమ్మినచోట, పంచనామా సరిగా రాయడం, రక్తపు మరకను ఆరబెట్టి కవర్లో పెట్టడం లాంటి విసుగు పుట్టించే పనులు వెనకబడతాయి. నా మట్టుకు నాకు, నార్కో చేసిన పెద్ద చెడు ఇదే అనిపిస్తుంది. అయినా దాని మోజు తీరలేదు. 2025 జూన్ 9న అమ్లేశ్ కుమార్ కేసులో, అందరు నిందితులకూ నార్కో చేస్తామన్న పోలీసు అధికారి మాటను రికార్డు చేసుకున్న పట్నా హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు రద్దు చేయాల్సి వచ్చింది. నిందితుడు తనంతట తాను కోరినా, తన తరఫు సాక్ష్యం ఇచ్చే దశలో కోర్టు అన్నీ చూసి అనుమతించవచ్చే తప్ప అది తిరుగులేని హక్కు కాదని కూడా చెప్పింది.

నార్కో పోయింది, ఇప్పుడు డీఎన్‌ఏ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. డీఎన్‌ఏ శాస్త్రం గట్టిది. అయితే అది ‘ఈ మరక ఎవరిది’ అన్నదానికే జవాబిస్తుంది. అది ఎప్పుడు పడింది, ఎలా పడింది, ల్యాబ్‌కు వెళ్లేలోపు ఎవరి చేతులు మారింది అన్నవి పోలీసు కానిస్టేబుల్, స్టేషన్‌లో ఆధారాలు భద్రపరిచే మాల్‌ఖానా రిజిస్టరు, సీలు చెప్పాల్సిన సంగతులు. ఢిల్లీ ఛావ్లా హత్యాచారం కేసులో ఉరిశిక్ష పడిన ముగ్గురిని 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు విడుదల చేసినప్పుడు, నమూనాలు రోజుల తరబడి పోలీసు మాల్‌ఖానాలో పడి ఉండటాన్ని ఎత్తిచూపింది. డీఎన్‌ఏ నివేదిక ఏ ఆధారాల మీద నిలిచిందో, పద్ధతి సరిగా పాటించారో లేదో కింది కోర్టులు చూడలేదని కూడా అంది. మన దగ్గర విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య సంగతి తెలుగువారికి చెప్పనక్కర్లేదు. ప్రాసిక్యూషన్ చేతిలో డీఎన్‌ఏ నివేదిక ఉంది, కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికి నిందితుడి యౌవనం జైల్లో గడిచిపోయింది, ఆ విద్యార్థిని తల్లిదండ్రులకు జవాబూ దొరకలేదు.

ఇంత జరిగినా ఫోరెన్సిక్ నివేదిక చాలా కేసుల్లో ప్రశ్నించేవాళ్లు లేకుండానే రికార్డులో చేరుతుంది. దానికి చట్టమే ఒక సౌకర్యం ఇచ్చింది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 293, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 329 సెక్షన్. ప్రభుత్వ రసాయన పరీక్షకులు, వేలిముద్రల బ్యూరో డైరెక్టర్, ఫోరెన్సిక్ ల్యాబుల డైరెక్టర్లు, ఆఖరికి ముంబయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ దాకా ఒక జాబితా ఉంది. వీళ్ల సంతకమున్న నివేదికను, వాళ్లు బోనెక్కకుండానే సాక్ష్యంగా వాడుకోవచ్చు. మడివాళలోని కర్ణాటక రాష్ట్ర ల్యాబ్ నివేదిక అలాగే కోర్టుకు వస్తుంది. పోస్టుమార్టం చేసిన డాక్టరు మామూలుగా వచ్చి చెప్పాల్సిందే, ఈ జాబితాలో ఆయన లేడు. సౌకర్యం అర్థం చేసుకోదగ్గదే. ప్రతి కేసుకూ శాస్త్రవేత్తను పిలిస్తే ల్యాబులు మూతపడతాయి. కానీ గీటురాయి చూపించమని అడిగే అవకాశం ఇక్కడే జారిపోతుంది.

బెంగళూరులో కూలికీ, డ్రైవింగ్‌కీ, భవన నిర్మాణానికీ వచ్చిన అనంతపురం, చిత్తూరు, కర్నూలు మనుషుల్ని ఒక్కసారి ఊహించుకోండి. కోర్టులో మాటలు కన్నడంలో, కాగితాలు కన్నడంలో గానీ ఇంగ్లిషులో గానీ. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం జరిగితే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలని చట్టం అంటుంది. అయితే లాంఛనంగా రుజువు కోసం దాఖలు చేసే పత్రాల విషయంలో మాత్రం, ఎంతవరకు అవసరమో అంతే చెప్పించడం కోర్టు విచక్షణ. ల్యాబ్ రిపోర్టు తరచుగా అలాంటి పత్రంగానే వస్తుంది. తనను జైలుకు పంపబోయే కాగితంలో ఏముందో అతనికి ఎవరూ చదివి వినిపించకపోయినా అది చట్టవిరుద్ధం కాదు. దాన్ని సవాలు చేయడానికి సొంత నిపుణుణ్ని తెచ్చుకునే స్తోమత అతనికి ఎలాగూ ఉండదు.

కొత్త చట్టాలు వచ్చాక ఈ కాగితాలు పెరుగుతాయి. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయాలని సురక్షా సంహిత 176వ సెక్షన్ అంటోంది. అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువిచ్చారు. ఫోన్, కంప్యూటర్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండో భాగం నిపుణుడు నింపాలి. నిపుణుల అభిప్రాయం చెల్లే రంగాల జాబితాకు ‘మరే ఇతర రంగమైనా’ అన్న మాట కొత్తగా చేర్చారు. తలుపు బాగా తెరిచినట్టే. ఆపిల్ తోట అధికారి లాంటివారు రేపు ఎన్ని కొత్త రంగాల పేర్లతో వస్తారో చూడాలి.

చార్జిషీట్‌తో పాటు దాఖలైన పత్రాల నకళ్లు నిందితుడికి ఉచితంగా ఇవ్వాలి. అతను హాజరైన పద్నాలుగు రోజుల్లోపు ఇవ్వాలని కొత్త సంహిత గడువు పెట్టింది. ఆ కట్టలో ల్యాబ్ నివేదిక ఉంటే, చివరి పేజీలోని ఒక్క వాక్యం తీర్మానం చూసి వదిలేయకూడదు. నమూనా ఏ తేదీన తీశారు, ఏ తేదీన ల్యాబ్‌కు చేరింది, సీలు ఎలా ఉందని రాశారు, ఏ పద్ధతిలో పరీక్షించారు అన్నవి చూడాలి. అక్కడ ఖాళీలు కనబడితే నివేదిక ఇచ్చిన నిపుణుణ్ని పిలిపించి ప్రశ్నించమని లాయరు కోరవచ్చు. 329వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఆ అధికారం కోర్టుకు ఇచ్చింది. అడగకపోతే కోర్టు తనంతట తాను పిలవడం అరుదు.